బంపరులో ఉండే పిల్ల

వంటింటి కిటికీ దగ్గర నిలబడి గిన్నెలు కడుగుతూ వర్లీన్ స్టిడమ్ కూతురి పాట వింటోంది. పాట వినపడుతున్నంతసేపూ పిల్ల క్షేమంగా ఉన్నట్టే అని ఆమె లెక్క.

ఐదేళ్ళ ఓపల్ వాకిట్లో గులకరాళ్ళ మీద గెంతుతూ, అన్న కోల్బీ పికప్ ట్రక్కు పక్కనుంచి నడిచి, దాని ముందువైపుకి తిరిగింది. తిరిగి, మాయమైంది. పాట మాత్రం ఆగలేదు. మనిషి లేని చోటునుంచి, ఇనుములోంచి వస్తున్నట్టుగా, సన్నగా వస్తూనే ఉంది.

వర్లీన్ చేతులు నీళ్ళలోనే ఆగిపోయాయి. కాస్త వంగి చూసింది. ట్రక్కు కడుపుకీ నేలకీ మధ్య ఉన్న ఎడంలో, అటువైపు రెండు చిన్న ఎర్ర బూట్లు కనిపించాయి. కదలకుండా నిలబడి ఉన్నాయి. వాటి పైన ఎవరైనా ఉన్నారో లేదో తెలియడం లేదు.

ఆమె తడి చేతులతోనే బయటికి పరుగెత్తింది.

"ఇక్కడేం చేస్తున్నావే?"

"మాట్లాడుతున్నా."

"ఎవరితో?"

"పర్ల్‌తో. బండిలో ఉంటుంది. సరిగ్గా నా ఎత్తే. తల మాత్రం ఇంత వెడల్పు! నవ్విందంటే నోరు చెవులదాకా పోతుంది. కానీ మంచిదేనమ్మా. ఇక్కడ నిలబడితే నన్నెవరూ చూడలేరని చెప్పింది."

 వర్లీన్ గులకరాళ్ళ మీద మోకాళ్ళేసి కూతురి ఎత్తుకి దిగింది. ఎదురుగా మెరుస్తున్న బంపరు. అందులో సాగిపోయిన ఒక మొహం, వెడల్పాటి నోరు, భయంతో గుండ్రంగా తెరుచుకున్న కళ్ళు. తన మొహమే! పిల్ల పర్ల్ అంటున్నది బంపరులో పడే తన ప్రతిబింబాన్నే. వర్లీన్‌కి నవ్వొచ్చింది. నవ్వి లేచి లోపలికి వెళ్ళింది కానీ, గిన్నెలన్నీ అయ్యేదాకా ఒక మాట చెవిలో తిరుగుతూనే ఉంది. ఇక్కడ నిలబడితే నన్నెవరూ చూడలేరు.

వర్లీన్ భయస్తురాలని ఆ కొండల మధ్య ఊళ్ళో అందరికీ తెలుసు. బడి భోజనశాలలో వడ్డించే ఆమె, ప్రతి పిల్లాడికీ "మెల్లిగా మింగు నాన్నా" అని చెప్పకుండా పళ్ళెం ఇవ్వదు. వాన పడితే వాగు పొంగుతుందంటుంది, పడకపోతే అడవి అంటుకుంటుందంటుంది. "వర్లీన్ అక్కకి ఎవరైనా తుమ్మినా అంబులెన్స్ మోత వినపడుతుంది" అని తోటి వడ్డనవాళ్ళు ఆటపట్టిస్తారు. అన్నిటికీ భయపడే మనిషికి ఇదొక కష్టం. ఒక భయం నిజమైన రోజున కూడా ఎవరూ తలెత్తి చూడరు.

ఆ ట్రక్కు వర్లీన్ మామగారిది. బొగ్గు గనిలో బతుకంతా గడిపిన ఆ పెద్దాయన పోతూ పోతూ మనవడికి ఇచ్చిపోయాడు. అప్పట్లో అది అందరి బండ్లలాంటిదే. పంతొమ్మిదేళ్ళ కోల్బీ చేతికి వచ్చాక అది ఎత్తు పెరగడం మొదలుపెట్టింది. స్ప్రింగుల మీద ఇనుప దిమ్మలు పెట్టాడు. చక్రాలు తీసేసి, ఓపల్ నిలబడితే ముక్కుదాకా వచ్చే చక్రాలు తొడిగాడు. తాత ఒక్క అడుగులో ఎక్కి కూర్చునే బండి, ఇప్పుడు నిచ్చెన మెట్టు లేకుండా అందదు.

"తాత చూస్తే ఏమనేవాడురా?" అంది వర్లీన్.

"అబ్బో అనేవాడు."

"ఎక్కలేక అబ్బా అనేవాడు."

కోల్బీ నవ్వి తల్లి నెత్తి మీద ముద్దు పెట్టాడు. మంచి కుర్రాడు. ఈ కథలో చెడ్డవాళ్ళెవరూ లేరు, ఆ సంగతి ముందే చెప్పడం మంచిది. అసలు భయపడవలసింది కూడా అందుకే.

వాళ్ళ రాష్ట్రంలో బండి బంపరు నేల నుంచి ఎంత ఎత్తు ఉండవచ్చో చట్టంలో రాసి ఉంది. కోల్బీ బండిలాంటి దానికి సుమారు రెండున్నర అడుగులు. ఏడాదికోసారి తనిఖీ చేయించి, ముందు అద్దానికి స్టిక్కరు అంటించుకోవాలి. ఊళ్ళో ఆ తనిఖీ చేసే గ్యారేజీ వర్లీన్ భర్త డెల్మర్‌ది. బ్రేకుల విషయంలో డెల్మర్ దేవుడికి కూడా మినహాయింపు ఇవ్వడు. ఒకసారి పాస్టర్ హార్లెస్ కారునే వెనక్కి పంపాడు. ఎత్తు విషయంలో మాత్రం ఊరంతా కలిసి ఒక ఆచారం ఏర్పరచుకుంది.

గ్యారేజీ అటక మీద నాలుగు పాత చక్రాలు ఉంటాయి. మామూలు ఎత్తువి. వాటిని అందరూ "ఆదివారం బూట్లు" అంటారు. తనిఖీకి ముందు రోజు కుర్రాళ్ళు వచ్చి వాటిని దింపుకుంటారు. దిమ్మలు ఊడదీస్తారు, పెద్ద చక్రాలు విప్పి ఈ చక్రాలు తొడుగుతారు. మర్నాడు డెల్మర్ టేపు పెట్టి కొలుస్తాడు. కొలత సరిపోతుంది, స్టిక్కరు పడుతుంది. ఆ సాయంత్రమే బూట్లు మళ్ళీ అటకెక్కుతాయి, బండ్లు మళ్ళీ పైకి లేస్తాయి. ఎవరూ దాన్ని మోసం అనుకోరు. చర్చికి వెళ్ళేటప్పుడు చొక్కా లోపలికి దోపుకుని, వచ్చాక పైకి లాగేసుకోవడం లాంటిదే అనుకుంటారు.

ఆ సెప్టెంబరులో కోల్బీ వంతు వచ్చింది. స్నేహితుడు రస్టీతో కలిసి వాకిట్లోనే బండికి ఆదివారం బూట్లు తొడిగాడు. రస్టీ బండి ఇంకా ఎత్తు. అది వాకిట్లోకి వస్తే వంటింట్లో వెలుతురు తగ్గుతుంది.

మర్నాడు ఉదయం కోల్బీ బండెక్కి తాళం తిప్పాడు. వెంటనే కిటికీలోంచి తల బయటపెట్టి అరిచాడు. "ఏయ్ టోపీ! తప్పుకో! నీ కుచ్చు కనిపిస్తోంది నాకు!"

బండి ముందు నాలుగడుగుల దూరంలో ఓపల్ దిగాలుగా నిలబడి ఉంది. ఆమె ఊలు టోపీ మీది పసుపు కుచ్చు బండి ఇంజను మూత పైనుంచి తొంగిచూస్తోంది.

"పర్ల్ రాలేదన్నయ్యా," అంది. "చూశాను. నా గౌను ఉంది గానీ పర్ల్ మొహం లేదు."

కోల్బీ నవ్వేసి వెళ్ళిపోయాడు. వర్లీన్ నవ్వలేదు. బంపరు కిందికి దిగింది కాబట్టి పిల్ల మొహం అందులో పడలేదు, అంతవరకు అర్థమైంది. దాని వెనక ఇంకేదో ఉన్నట్టుంది, అదే అందడం లేదు. ఆ రాత్రి, కోల్బీ పెద్ద చక్రాలు మళ్ళీ తొడిగేశాక, భోజనాల దగ్గర మొక్కజొన్న రొట్టె ముక్కలు చేస్తూ మెల్లగా కదిపింది.

"డెల్మర్, వాడి బండి చట్టం చెప్పినదానికంటే ఎత్తే కదా?"

"స్టిక్కరు వేసినప్పుడు సరిగ్గా ఉంది."

"ఇప్పుడు?"

"ఇప్పుడు నేను కొలవట్లేదుగా." చిక్కుడుగింజల గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "ఒక్కణ్ణి వెనక్కి పంపితే మిగతా అందరూ కొండ అవతలి గ్యారేజీకి పోతారే. అయినా ఈ బురద దారుల్లో ఎత్తు లేకపోతే ఎలా? రాజధానిలో కూర్చుని గీతలు గీసేవాళ్ళకి మన దారులేం తెలుసు?"

"మీ నాన్న ఆ దారుల్లోనే తిప్పాడు, ఎత్తు లేకుండానే."

"అమ్మ మొదలెట్టింది," అన్నాడు కోల్బీ. "ఇక నిద్రలో ఆ బండి లేచొచ్చి మనందర్నీ తినేస్తుంది."

అందరూ నవ్వారు. ఓపల్ కూడా నవ్వింది. "పర్ల్ తినదు," అంది. "పిలుస్తుందంతే."

అక్టోబరు చివర, దయ్యాల పండుగ వచ్చింది. చీకట్లో పిల్లలు వేషాలేసుకుని మిఠాయిల కోసం ఇంటింటికీ తిరగడం ప్రమాదమని ఊరి చర్చివాళ్ళు కొన్నేళ్ళుగా ఇంకో పద్ధతి పెట్టుకున్నారు. బండ్లన్నీ చర్చి ముందున్న ఖాళీ జాగాలో వరసగా నిలిపి, వెనక తలుపులు తెరిచి, గుమ్మడికాయలూ తెల్లదుప్పట్లూ కట్టి అక్కడే మిఠాయిలు పంచుతారు. పిల్లలు రోడ్డెక్కే పనే ఉండదు. వర్లీన్‌కి ఏడాది మొత్తంలో భయం లేని పండుగ అదొక్కటే.

అయినా ఆమె జాగ్రత్త ఆమెది. ఓపల్ గుడ్లగూబ వేషం కావాలంది. వర్లీన్ గోధుమరంగు గుడ్డతో రెక్కలు కుట్టి, అట్టతో ముక్కు చేసింది. తర్వాత పెట్టె తెరిచి మామగారి గని దుస్తులు తీసింది. గనిలో మనిషి కనపడడానికి ఆ చొక్కాల మీద వెలుతురు పడితే భగ్గున మెరిసే పట్టీలు ఉంటాయి. వాటిని కత్తిరించి రెక్కల నిండా కుట్టింది.

"అమ్మా, ఇది గుడ్లగూబా, రోడ్డు పని జరుగుతున్న చోట పెట్టే బోర్డా?" అన్నాడు కోల్బీ.

"ఏదైతేనేం, కనపడాలి."

ఆ సాయంత్రం చర్చి దగ్గర అందరికంటే పేరొచ్చింది కోల్బీ బండికే. చుట్టూ నల్లగుడ్డ కట్టి దాని కడుపు కింద గుహ చేశాడు. లోపల పొగ, ఊగే సాలెపురుగులు. పిల్లలు ఒక పక్కనుంచి దూరి, కేకలు పెడుతూ, ఇంకో పక్కనుంచి పాకి బయటపడుతున్నారు. "ఎత్తు బండికి ఎంత మంచి ఉపయోగం చూశావా కోల్బీ!" అని పాస్టర్ గారు మెచ్చుకున్నారు. వర్లీన్ కూడా సంతోషంగానే చూసింది. ట్రక్కు కింద దూరడం, ట్రక్కు ముందు ఆడటం సరదా అని ఊరి పిల్లలందరికీ ఆ సాయంత్రం మనమే నేర్పుతున్నామని ఆ పెద్దల్లో ఒక్కరికీ తట్టలేదు.

పొద్దు కొండ వెనక్కి దిగింది. పంపకం అయిపోయింది. ఒక్కో బండీ దీపాలు వేసుకుని కదులుతోంది. వర్లీన్ బల్లల మీది గుమ్మడికాయలు సర్దుతూ కూతుర్ని గమనిస్తోంది. పట్టీల పుణ్యమా అని వెతికే పనే లేదు. ఏ బండి దీపం తిరిగినా జాగాలో ఎక్కడో ఒకచోట గుడ్లగూబ తళుక్కుమంటోంది. ఒకసారి మెట్ల దగ్గర, ఒకసారి జెండా కర్ర దగ్గర. బతికి ఉన్న నిప్పురవ్వలా అటూ ఇటూ తిరుగుతోంది.

"కోల్బీ, బండి కాస్త ముందుకి తేరా, బల్లలు ఎక్కిద్దాం," అని కేకేశాడు డెల్మర్.

కోల్బీ నల్లగుడ్డ విప్పి, చుట్టచుట్టి, ఎక్కి కూర్చున్నాడు. ఇంజను గుర్రుమంది. మనిషి ఛాతీ ఎత్తున దీపాలు వెలిగాయి.

ఆ వెలుతురులో వర్లీన్ ఒక వింత చూసింది. జాగాలో నిలబడ్డ పెద్దల మొహాలన్నీ ఒక్కసారి తెల్లగా వెలిగాయి. భుజాలు వెలిగాయి. చర్చి గోడ కిటికీల దాకా వెలిగింది. ఆ వెలుతురు కింద, మనుషుల నడుముల కింద, నల్లటి నీళ్ళు నిండినట్టు చీకటి. తలలూ భుజాలూ ఆ నీళ్ళ మీద తేలుతున్నాయి. పిల్లలెవరూ లేరు. ఒక్క పిల్ల కూడా లేదు.

తళుకు కోసం వెతికింది. మెట్ల దగ్గర లేదు. జెండా కర్ర దగ్గర లేదు. ఎంత దూరంలో ఉన్నా దీపం తగిలితే మండే పట్టీలు ఎక్కడా మండడం లేదు.

అప్పుడు పాట వినిపించింది.

వంటింటి కిటికీలోంచి విన్న పాటే. మనిషి లేని చోటునుంచి, ఇనుములోంచి వస్తున్నట్టుగా.

అంత వెలుతురులో వెలుతురు తగలని చోటు ఈ జాగాలో ఒక్కటే ఉంది. అది తన కొడుకు బండి ముందు. కోల్బీ గేరు మార్చాడు. చక్రాల కింద గులకరాళ్ళు పటపటమన్నాయి.

"కోల్బీ!" అని అరిచింది. అద్దాలెక్కించి ఇంజను మోతలో కూర్చున్న కోల్బీకి అది వినపడలేదు. "మళ్ళీ ఏమైందో వర్లీన్ అక్కకి!" అని ఎవరో నవ్వడం ఆమెకి వినపడింది. చేతిలో ఉన్న గుమ్మడికాయను రెండు చేతులా ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి, ట్రక్కు ముందు అద్దం మీదికి విసిరింది.

అది పగిలి అద్దమంతా గుజ్జు పరుచుకుంది. బండి ఎగిరిపడినట్టు ఆగింది.

"అమ్మా! పిచ్చా నీకు? తాత బండమ్మా అది!"

"ఆపు. ఇంజను ఆపు. కదలకు."

మోత ఆగింది. ఎవరూ నవ్వడం లేదు. ఆ నిశ్శబ్దంలో, బండి ముందరి చీకట్లోంచి, ఏడుపు అంచున ఉన్న ఒక చిన్న గొంతు వచ్చింది.

"అమ్మా, పర్ల్ నన్ను తోసింది."

ఓపల్ గులకరాళ్ళ మీద కూలబడి ఉంది. పర్ల్‌కి గుడ్లగూబ వేషం చూపించడానికి వచ్చింది. బంపరు ఆమె మొహాన్ని తాకింది, అట్టముక్కు నలిగి నుదుటికి అతుక్కుపోయింది. ఇంకేమీ కాలేదు. ఆ నలిగిన అట్టముక్కు మందమే మిగిలింది, ఆ ఇంటికీ జీవితాంతపు ఏడుపుకీ మధ్య.

కోల్బీ దిగి వచ్చి చూసి, చక్రం పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు. "చూశానమ్మా," అంటున్నాడు పదే పదే. "ఒట్టు. అటూ ఇటూ చూసే కదిలించాను. అక్కడెవరూ లేరమ్మా. ఎవరూ లేరు."

నిజమే చెప్పాడు. వాడు చూశాడు. వాడి కళ్ళకి అక్కడ ఎవరూ లేరు.

వర్లీన్ కూతుర్ని పాస్టర్ గారి చేతుల్లో పెట్టింది. భర్త వైపు తిరిగింది. "నువ్వెక్కు డెల్మర్. ఎక్కి కూర్చో."

డెల్మర్ ఎక్కాడు. చెయ్యి బయటపెట్టి గుజ్జు తుడిచాడు. వర్లీన్ బండి ముందు, పిల్ల నిలబడిన చోట, పిల్ల ఎత్తుకి మోకాళ్ళేసింది.

"ఏం కనిపిస్తోంది?"

"చర్చి గోడ. జెండా కర్ర." అన్నాడు డెల్మర్. "రస్టీ మొహం."

"నేను?"

డెల్మర్ స్టీరింగు మీదికి వంగి చూశాడు.

"లేవే వర్లీన్. లే అక్కణ్ణించి. ఇక్కణ్ణించి చూస్తే నువ్వు లేనే లేవు."

ఆమె మోకాళ్ళ మీదే ఉండి మాట్లాడింది. "తనిఖీ రోజు పొద్దున వీడు దాని టోపీ కుచ్చు చూశాడు డెల్మర్. ఆ సీట్లోంచే చూశాడు. తప్పుకోమని అరిచాడు. ఆ ఒక్కరోజు బండి చట్టం చెప్పిన ఎత్తులో ఉంది. ఆ ఒక్కరోజే మన పిల్ల మనకి కనపడింది."

డెల్మర్ కిందికి దిగాడు. జేబులోంచి స్టిక్కర్లు గీకే బ్లేడు తీశాడు. గుమ్మడి గుజ్జు కారుతున్న అద్దం మీద తను అంటించిన స్టిక్కరును, అంత మంది ముందు, మూల నుంచి మూలకి గీకేశాడు. తర్వాత అక్కడున్న వాళ్ళ వైపు తిరిగాడు. మాటలు పెద్దగా రాని మనిషి.

"నేను కొలిచినప్పుడు ప్రతి బండీ సరిగ్గానే ఉంది," అన్నాడు. "నేను కొలిచింది మీ ఆదివారం బూట్లని. మిగతా ఏడాదంతా ఈ బండ్ల ముందు ఎవరు నిలబడతారో ఒక్కనాడూ కొలవలేదు. రాజధానివాళ్ళకి మన దారులు తెలీవని ఎగతాళి చేశాను. దారి సంగతి వాళ్ళకి తెలుసో లేదో గానీ, బండి ముందు నిలబడే పిల్ల ఎత్తు తండ్రినైన నాకే తెలియలేదు. అటక మీది ఆ చక్రాలు రేపు ముక్కలు చేయిస్తాను. ఇకనుంచి నా దగ్గరికి ఏ ఎత్తులో తిరుగుతారో ఆ ఎత్తులోనే రండి."

"అయితే మేం కొండ అవతలికి పోతాం డెల్మర్ బాబాయ్," అన్నాడు రస్టీ, సగం నవ్వుతూ. ఆ నవ్వులో ఎవరూ కలవలేదు. కాదనీ ఎవరూ అనలేదు.

వారం తిరక్కుండా కోల్బీ దిమ్మలూ పెద్ద చక్రాలూ తీసేశాడు. ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. తాత బండి మళ్ళీ తాత వదిలివెళ్ళిన ఎత్తుకి దిగింది. ఊళ్ళో కొందరు దింపారు. కొందరు నిజంగానే కొండ అవతల స్టిక్కరు వేయించుకుని వచ్చారు.

ఒక ఆదివారం ప్రార్థన అయ్యాక ఇంటికొచ్చి, వర్లీన్ పళ్ళేలు కడుగుతూ కిటికీ దగ్గర నిలబడింది. ఓపల్ పాడుకుంటూ ట్రక్కు పక్కనుంచి నడిచి ముందువైపుకి తిరిగింది. పసుపు కుచ్చు మూత పైన ఊగుతూ కనిపించింది. వర్లీన్ ఎన్నాళ్ళకో ఊపిరి వదిలింది. అప్పుడు పాట ఆగింది. ఓపల్ బంపరు ముందు వంగి చూసి, గడప దగ్గరికి వచ్చింది.

"పర్ల్ వెళ్ళిపోయిందమ్మా."

"మంచిది తల్లీ. పోనీ."

"దూరం పోలేదులే. రస్టీ అన్నయ్య బండిలో ఉంది. ఇవాళ చర్చి దగ్గర చూశాను. రమ్మని పిలిచింది."

తల్లులారా, తండ్రులారా, వర్లీన్ చేతిలో పళ్ళెం ఆనాడు నేల మీద పడి పగిలింది. భయస్తురాలని నవ్వకండి. మీ వీధిలో అలాంటి బండి ఉంటే ఒక్కసారి దాని ముందు మీ పిల్లల ఎత్తుకి మోకాళ్ళేసి కూర్చుని, నడిపేవాడిని ఏం కనిపిస్తోందో అడగండి. చట్టం బండికి ఒక ఎత్తు గీసి పెట్టింది. ఆ గీత తనిఖీ రోజుకే కాదు, పిల్ల వాకిట్లోకి వచ్చే ప్రతి రోజుకీ. గీత దాటి మనం పెంచుకునే ప్రతి జానెడూ, మన కళ్ళెదుటే ఒక పసిబిడ్డను లేకుండా చేస్తుంది.